మూడో అపోజిట్ పార్టీ

"మానవతా దృక్పథంతో" అన్న మాట ఆ రాజీ కాగితంలో నాలుగు చోట్ల ఉంది. మా మావయ్య కరోనా టీకా కేసు మీద 2023లో రాజమండ్రిలో లోక్ అదాలత్ జరిగిన రోజు, మా వంతు వచ్చేదాకా చెట్టు కింద అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాను. తప్పు ఒప్పుకోకుండా, టీకాకీ జబ్బుకీ సంబంధం ఉందని గానీ లేదని గానీ అనకుండా, కేవలం మానవతా దృక్పథంతో ఆస్పత్రివారు ఇంత సొమ్ము ఇచ్చుటకును, ఫిర్యాది దానిని పూర్తి మరియు తుది పరిష్కారముగా పుచ్చుకొనుటకును అంగీకరించడమైనది. దాని కింద సంతకం పెట్టడానికి మా మావయ్య ఎడం చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని మూడుసార్లు ఆగాడు. మూడు దశాబ్దాలు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసి, రోజుకి పాతిక చిట్టీలు రాసిపారేసిన చెయ్యి అది.

ఎంతకి రాజీ పడ్డామో రాయను. ఆస్పత్రి పేరు, అది ఉన్న ఊరు, టీకా పేరు కూడా రాయను. ఆరో షరతు అదే. వచ్చిన సొమ్ము గురించి ఒక్క ముక్క మాత్రం చెప్పగలను. అంకె వినగానే మా అత్తయ్య, "ఎకరం తోటకి బయానా అంత" అంది.

అప్పట్నుంచీ మా కుటుంబం రెండు వైపులా మాటలు పడుతూనే ఉంది. "నిజం బయటికి రాకుండా డబ్బుకి అమ్ముడుపోయారు" అన్నది ఒక వర్గం. వీళ్లు టీకాలంటే విషమని నమ్మేవాళ్లు. "ప్రాణాలు కాపాడిన ఆస్పత్రుల్ని బెదిరించి గుంజారు" అన్నది ఇంకో వర్గం. వీళ్లలో మా బంధువులైన డాక్టర్లే ఇద్దరున్నారు. రెండు వర్గాలకీ కలిపి ఒకేసారి జవాబు చెప్పేద్దామని రాస్తున్నాను. రాజీ పడ్డందుకు నాకు సిగ్గు లేదు. రాజీ దాకా వెళ్లడానికి ముందు ఒక మనిషి మీద నేరం మోపాల్సి వచ్చింది, దానికి ఉంది.

జరిగింది ఇది. 2021 ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి 45 ఏళ్లు నిండినవాళ్లందరికీ టీకా అన్నారు. మావయ్యకి అప్పుడు 51. పీహెచ్‌సీలో ఉచితమే గానీ, అక్కడి జనాన్ని చూసి "టీకా కోసం వెళ్లి కరోనా తెచ్చుకోడం దేనికి" అని పట్నంలో ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాడు. ఆ రోజుల్లో ప్రైవేటులో డోసుకి 250 రూపాయలకి మించి తీసుకోకూడదని కేంద్రం కట్టడి. 250 కట్టి రసీదు తీసుకున్నాడు. వ్యాపారస్తుడి అలవాటు, రసీదు పారెయ్యలేదు. తర్వాత మా కేసంతా ఆ రసీదు మీదే నిలబడింది.

వారం తిరక్కుండా ఉగాది వచ్చింది. పండగ మర్నాడు విరేచనాలు పట్టుకున్నాయి. చెల్లెలింట్లో తిన్న భోజనం వల్ల కాదని అత్తయ్య, ఆ భోజనం వల్లేనని మావయ్య. ఆ వాదన తేలకముందే మూడు రోజుల్లో తగ్గిపోయింది. శ్రీరామనవమి వెళ్లిన రెండో రోజు పొద్దున్న అరికాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. మర్నాడు అటక మీంచి కాయ దించబోయి నిచ్చెన మెట్టు మీద కాలు ఆనించలేకపోయాడు. టీకా వేసిన ఆస్పత్రికే తీసుకెళ్లాం. నీరసం అన్నారు. బి-కాంప్లెక్స్ సూది వేసి, కరోనా రోజుల్లో ఇలా తిరక్కండని ఇంటికి పంపేశారు. ఆ మాట నమ్మి రెండు రోజులు పోగొట్టుకున్నాం. ఆ తర్వాత చేతులు లేవలేదు, కళ్లు పూర్తిగా మూతపడలేదు, తాగించిన మంచినీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. ఎదుర్లంక వంతెన ఎక్కి యానాం మీదుగా కాకినాడ వెళ్తుంటే అంబులెన్సులో నాకేసి చూసి ఏదో అన్నాడు. అర్థం కాలేదు. చాన్నాళ్ల తర్వాత అడిగితే, "గొడౌన్ తాళం ఎక్కడుందో చెప్పేను" అన్నాడు.

గియాన్-బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్. రోగం మీదికి వెళ్లాల్సిన మన ఒంటి రక్షణ వ్యవస్థే దారి తప్పి సొంత నరాల మీద పడుతుంది. దానికి ఇచ్చే మందు ఐవీఐజీ, అంటే దాతల రక్తంలోంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు. కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఎక్కించాలి. మావయ్య 70 కిలోలు. అంటే 140 గ్రాములు, ఐదు గ్రాముల సీసాలైతే 28. సెకండ్ వేవ్ నట్టనడుమ ఆ 28 సీసాల కోసం మా తమ్ముడు పడ్డ తిప్పలు ఇంకో వ్యాసమవుతాయి. దొరికాయి. మావయ్య బతికాడు, నెలల మీద లేచి నిలబడ్డాడు. కుడి పాదం ఇప్పటికీ వేలాడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి ప్లాస్టిక్ పట్టీ వేసుకోవాలి. కుడి వేళ్లకి స్పర్శ సగమే. సదరం సర్టిఫికెట్టులో వైకల్యం 45 శాతం అని రాశారు.

సర్టిఫికెట్టులో రాయనిది ఒకటుంది. కురిడీ అంటే లోపలి నీళ్లన్నీ ఇంకిపోయి, కొబ్బరి గుండుగా ఎండి చిప్పని వదిలేసేదాకా నెలల తరబడి అటక మీద ఉంచిన కాయ. పగలగొట్టకుండానే అది తయారైందో లేదో చెప్పగలగాలి. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల గుండు కదిలిన చప్పుడు రావాలి, అదే క్షణంలో వేళ్లకి సన్నని అదురు తగలాలి. రెండూ కుదిరితేనే ధర కట్టేవాడు మావయ్య. ఇప్పుడు చప్పుడు వినిపిస్తుంది, అదురు తెలియదు. గొడౌన్‌లో కూర్చుని ఒక్కో కాయా ఆడించి, కుర్రాడి చేతికిచ్చి, "తగిలిందేట్రా?" అని అడుగుతాడు.

ఇక అసలు ప్రశ్న. ఇదంతా టీకా వల్లేనా?

మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ అనుమానం లేదు. నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. జీబీఎస్ ఏ టీకాతోనూ నిమిత్తం లేకుండా ఏటా లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు. పాత తూర్పుగోదావరి జిల్లా జనాభా 2011 లెక్కల్లో 51 లక్షల పైచిలుకు. ఆ లెక్కన టీకా ఊసే లేని ఏడాదిలో కూడా మా జిల్లాలో 50 నుంచి 100 మందికి ఇది రావాలి. 2021లో అదే జిల్లాలో లక్షలమంది భుజం చాపారు. సూది పడ్డ కొన్ని వారాల్లో, సూదితో సంబంధం లేకుండా, ఈ జబ్బు పడ్డవాళ్లు కొందరు ఉండే తీరతారు. పైగా ఈ జబ్బుకి ముందు తరచుగా కనిపించేది కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి తెచ్చే విరేచనాలు. ఉగాది మర్నాటి విరేచనాలు! ఇటు వైపూ చెప్పాలి. వైరస్‌ని వాహనంగా వాడి చేసే కరోనా టీకాల విషయంలో యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021లోనే జీబీఎస్‌ని అతి అరుదైన దుష్ప్రభావాల జాబితాలో చేర్చింది. కేరళ డాక్టర్లు అదే ఏడాది అలాంటి ఏడు కేసుల్ని వైద్య పత్రికలో ప్రచురించారు. మావయ్య వేయించుకున్నది ఆ రకం టీకానో కాదో చెప్పడానికి ఆరో షరతు అడ్డం.

మనకి కాకతాళీయం అని ఒక మాట ఉంది. కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకి రాలిందా, ముగ్గి రాలిందా అని పండితులు వాదించుకుంటారు. ఆ మాట పుట్టినప్పట్నుంచీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. చెట్టు కింద కూర్చున్నవాడి నెత్తి సంగతేమిటి?

ప్రభుత్వానికి ఒక పద్ధతి ఉంది, లేదనను. టీకా తర్వాత ఏదైనా తేడా చేస్తే ఏఎన్ఎం దగ్గర్నుంచి జిల్లా కమిటీకి, అక్కణ్నుంచి పైకి కాగితాలు వెళ్తాయి. డాక్టర్ల కమిటీ కూర్చుని నాలుగు గుంపుల్లో ఒకదాంట్లో వేస్తుంది. టీకాతోనో, వేసిన తీరుతోనో, సూది భయంతోనో పొసిగేవి 'ఏ', తేల్చలేనివి 'బి', కాకతాళీయమైనవి 'సి', కాగితాలు చాలనివి 'డి'. మన దేశంలో కరోనా టీకా వల్లే జరిగిందని మొదటిసారి ఒప్పుకున్న మరణం ఒక 68 ఏళ్ల పెద్దాయనది. 2021 మార్చి 8న టీకా వేయించుకున్నాడు, తీవ్రమైన అలర్జీతో పోయాడు. జూన్‌లో ఆ సంగతి బయటపెట్టారు. మావయ్య విషయంలో టీకా వేసిన ఆస్పత్రి కాగితమే పంపలేదు. మా ఊరి ఏఎన్ఎమ్మే అడిగి రాసుకుని పంపింది. చాలా నెలలకి ఆవిడ ద్వారానే తెలిసింది, 'బి1' అని. కాలం లెక్క కుదిరింది, కారణం అనడానికి ఆధారం చాల్లేదని దాని భావం. నేను ఆ మాటతో ఏకీభవిస్తాను. మావయ్యకి చెప్తే, "అంటే ఏం ఇస్తారేటి?" అన్నాడు. ఏమీ ఇవ్వరు. 'ఏ' వచ్చినా ఏమీ ఇవ్వరు. ఆ అక్షరాల వెనక అప్పటికి ఖజానా లేదు.

ఇక్కడే నాకు కోపం మొదలైంది. మన దేశానికి ఈ పద్ధతి చేతకాక కాదు. రైలు ప్రమాదంలో పోతే తప్పు ఎవరిదని అడక్కుండా పరిహారం ఇస్తారు. రోడ్డు ప్రమాదానికి మోటారు వాహనాల చట్టంలో తప్పుతో పనిలేని పరిహారం ఉంది. అంతెందుకు, ప్రభుత్వం పిలిచి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వికటించి వారంలోపు మనిషి పోతే 2 లక్షలు, ఆపరేషన్ ఫెయిలై కడుపు నిలిస్తే 30 వేలు అని 2013 నుంచి పథకం నడిచింది. డాక్టరు కత్తి జారిందా అని ఎవరూ రుజువు చెయ్యక్కర్లేదు. మందు ప్రయోగ దశలో వాలంటీరుగా చేరినవాడికి కూడా 2019 నిబంధనల్లో రక్షణ ఉంది. ప్రయోగం వల్ల హాని జరిగితే నిర్లక్ష్యం రుజువు చెయ్యకుండానే పరిహారం. ప్రయోగం అయిపోయి, అనుమతి వచ్చి, ఊరంతటికీ వేసే రోజుకి ఆ రక్షణ ఆవిరైపోతుంది. వెయ్యిమందిలో ఒకడుగా ఉన్నప్పుడు చూసుకునే దిక్కుంది, కోట్లలో ఒకడయ్యేసరికి లేదు.

కరోనాతో పోయినవాళ్ల కుటుంబాలకి 50 వేలు ఇచ్చారు. మంచిదే. టీకా తర్వాత పోయిన ఇద్దరమ్మాయిల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకి వెళ్తే, 2022 నవంబరులో కేంద్రం అఫిడవిట్ వేసింది. టీకా ఎవరినీ బలవంతంగా వేయించుకోమనలేదు, పరిహారానికి ప్రభుత్వం బాధ్యురాలు కాదు, కావాలంటే సివిల్ కోర్టులో నిర్లక్ష్యం రుజువు చేసుకోవచ్చని దాని సారాంశం. చట్టం దృష్టిలో స్వచ్ఛందమే కావచ్చు. గోదావరి జిల్లాల్లో ఆ ఏడాది బతికినవాళ్లకి ఆ స్వచ్ఛందం ఎలా ఉండేదో తెలుసు. ఇంటింటికీ తిరిగి "మీ ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు" అని లెక్క చెప్పేవారు. తప్పని అనను. ఆ తిరిగిన ఆశా కార్యకర్తలకి నేను దణ్ణం పెడతాను. కానీ అందరి కోసమని అడిగి చెయ్యి చాపించుకున్నవాడు, ఆ చెయ్యి పడిపోయాక "నువ్వే చాపావు కదా" అనకూడదు.

మాకు మిగిలిన దారి వినియోగదారుల కమిషన్. రసీదు విలువ అక్కడ తెలిసింది. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అయితే అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సేవని బయట పెట్టింది. మావయ్య 250 కట్టాడు కాబట్టి వినియోగదారుడు. అదే టీకా అదే వారం పీహెచ్‌సీలో వేయించుకుని ఇదే జబ్బు పడ్డ కూలిమనిషి ఉంటే, ఆయన వినియోగదారుడు కాడు. ప్రభుత్వానికి రెండు నెలల నోటీసిచ్చి సివిల్ కోర్టుకి పోవాలి. 250 రూపాయలు లేనివాడు అన్నమాట, పోవాల్సింది!

"కేసు అంటే తప్పు కావాలమ్మా," అన్నారు ప్లీడరు గారు మొదటి రోజే. మంచి మనిషి, ఫీజు కూడా తర్వాతే తీసుకున్నారు. "జబ్బు వచ్చిందంటే చాలదు. ఎవరు ఏం చెయ్యకుండా మానేశారు, ఏం చెయ్యకూడనిది చేశారు. అది రాయాలి." మాకున్న నిజమైన ఫిర్యాదు ఒక్కటే, ఆ పోయిన రెండు రోజులు. కానీ ఆ రోజు చూసిన డ్యూటీ డాక్టరు పీజీ సీటొచ్చి వెళ్లిపోయాడు. ఓపీ చీటీలో "నీరసం, బలహీనత" అని తప్ప ఏమీ లేదు. రెండు రోజులు ముందొస్తే పాదం దక్కేదని ఏ నరాల డాక్టరూ రాసివ్వడు, ఎందుకంటే అది ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్కదాని మీద నిలబడదని, ఫిర్యాదుని లావు చేశాం. తయారీ కంపెనీ జోలికి పోలేదు. 2020 నవంబరులో టీకా ప్రయోగంలో చేరిన చెన్నై వాలంటీరొకాయన 5 కోట్లు కావాలని నోటీసు పంపితే, కంపెనీవాళ్లు 100 కోట్లకి పైగా మేమే నీమీద వేస్తామన్న వార్త అందరం చదివాం.

అలా లావు చేసిన చోట వచ్చింది మూడో అపోజిట్ పార్టీ, అంటే మూడో ప్రతివాది. టీకా వేసిన నర్సు.

ఆ పేరా టైపు చేసింది నేనే. "సదరు మూడవ అపోజిట్ పార్టీ అత్యంత నిర్లక్ష్యముగా, అశ్రద్ధగా టీకా వేసి, ఫిర్యాదిని అరగంట పరిశీలనలో ఉంచకుండా పంపివేసినది." ఇందులో మొదటి సగం మాకెవరికీ తెలియదు. సూది భుజానికే పడింది, రక్తం కూడా రాలేదని మావయ్యే చెప్పాడు. రెండో సగం తెలిసి రాసిన అబద్ధం. అరగంట ఉండమని ఆ అమ్మాయి చెప్పింది. బయట లారీ లోడుకి ఆగి ఉందని పది నిమిషాలకే లేచి వచ్చింది మావయ్య. పైగా ఆ అరగంట పెట్టింది అలర్జీ కోసం. పదిహేడు రోజుల తర్వాత వచ్చిన నరాల జబ్బుకీ దానికీ సంబంధమే లేదు. ప్లీడరు గారికి ఇదంతా చెప్పాను. "తెలుసమ్మా. కానీ గొలుసులో ఒక లింకు కావాలి," అన్నారు. విరేచనాల సంగతి ఫిర్యాదులో ఎత్తలేదు. అదీ నేనే వదిలేశాను. పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది.

మమ్మల్ని సమర్థించుకోవడానికి కాదు, చట్టం మనుషుల చేత ఏం చేయిస్తుందో చెప్పడానికి రాస్తున్నాను. డబ్బుకి ఒకే తలుపు పెట్టి, దానికి 'తప్పు' అన్న తాళం వేస్తే, లోపలికి వెళ్లాల్సినవాడు ఎక్కడో ఓ తప్పు చేయించుకుని తెచ్చుకుంటాడు.

అవతలి ప్లీడరు కౌంటరు వేసిన రోజే మా గాలి సగం పోయింది. కాకినాడ కేస్ షీటు మొదటి పేజీలోనే, "పది రోజుల కిందట మూడు రోజులు విరేచనాలు" అని రాసుంది. అత్తయ్యే చెప్పింది డాక్టరుకి, భర్త బతకాలని. అక్కణ్నుంచి వాయిదాలు. నిపుణుడి అభిప్రాయం కోసం ఒకటి, సభ్యుడు సెలవని ఒకటి. ప్రతి వాయిదాకీ మావయ్యని కారెక్కించి దించడం. లోక్ అదాలత్‌లో పెడదామన్న మాట అవతలి నుంచే వచ్చింది. ఓడిపోతామని కాదు, పేపర్లో పడకూడదని వాళ్ల బాధ. గెలుస్తామని కాదు, ఈ లోపు ఏమైపోతామోనని మా బాధ. లోక్ అదాలత్ అవార్డుకి, అంటే అక్కడిచ్చే తీర్పుకి, అప్పీలు లేదు, డిక్రీతో సమానం. ఏ పథకం ఎప్పుడొచ్చినా మా కాగితం మాత్రం మళ్లీ తెరుచుకోదు.

డబ్బు దగ్గర పేచీ గంటలో తేలిపోయింది. మాట దగ్గర తేలలేదు. "సానుభూతి" అని రాస్తామన్నారు వాళ్లు. అత్తయ్య ఒప్పుకోలేదు. "సానుభూతి మా వీధిలో వాళ్లందరూ చూపించేరండి. నాకు 'విచారం' కావాలి" అంది. విచారం అంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ల ప్లీడరు. అవదని మా ప్లీడరు. ఇద్దరూ కలిసి నిఘంటువు చూసినంత పనిచేశారు. చివరికి ఏ మాటా లేకుండా "మానవతా దృక్పథం" ఒక్కటే మిగిలింది. తుపాను తర్వాత మంత్రిగారు ఇచ్చే చెక్కు మీద ఉండే మాట.

తుపాను అన్నాను కాబట్టి, ఆ సంగతి చెప్తాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని పడగొట్టిన గాలి నా చిన్నతనం. తెల్లారేసరికి మా తాతయ్య తోటలో చెట్లు అగ్గిపుల్లలు పోసినట్టు పడున్నాయి. తర్వాత రెవెన్యూవాళ్లు వచ్చి పడిన చెట్లు లెక్క రాసుకున్నారు. వాటిలో రెండు మూడింటిని ఎర్రముక్కు పురుగు అప్పటికే తొలిచేసింది. గాలి రాకపోయినా ఆ ఏడాదో మరుసటి ఏడాదో పడేవే. తాతయ్యకి తెలుసు, లెక్క రాసినాయనకీ తెలుసు, మొదట్లో తొర్ర కనిపిస్తూనే ఉంది. ఆయన తొర్ర కేసి చూసి, తాతయ్య కేసి చూసి, రాసుకుపోయాడు. గాలి తప్పా పురుగు తప్పా అని కమిటీ వెయ్యలేదు. గాలి వీచింది, చెట్టు పడింది, మనిషి నష్టపోయాడు. తెలివితక్కువ లెక్క కాదు అది. ఒక్కో చెట్టుకీ కారణం తేల్చే ఖర్చు చెట్టు ఖరీదుకంటే ఎక్కువని, తేల్చేలోగా రైతు ఆరిపోతాడని తెలిసినవాళ్లు చేసిన లెక్క.

టీకాల విషయంలో ఈ లెక్క నేర్చుకోవడానికి మిగతా దేశాలకీ దెబ్బలు తగిలాయి. 1955లో అమెరికాలో కట్టర్ అనే కంపెనీ పోలియో టీకాలో బతికున్న వైరస్ మిగిలిపోయి సుమారు 200 మందికి చచ్చు పడింది, పదిమంది పోయారు. 1958లో జ్యూరీ, కంపెనీ నిర్లక్ష్యం ఏమీ లేదు, అయినా బాధ్యత ఉందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వల్ల దావాలు పెరిగి పెరిగి, 1980ల నాటికి టీకాలు తయారుచేసేవాళ్లే తప్పుకోవడం మొదలైంది. అప్పుడు 1986లో చట్టం చేసి, 1988 నుంచి ఒక నిధి నడుపుతున్నారు. ఒక్కో జబ్బుకి వేసే ఒక్కో డోసు మీద 75 సెంట్ల పన్ను, ఆ పన్నులోంచి పరిహారం. అక్కడ పరిహారం దక్కిన కేసుల్లో సగానికి పైగా రాజీలే, టీకా వల్లే వచ్చిందని ప్రభుత్వం ఒప్పుకోకుండానే. మా కాగితం లాంటిదే, కానీ దాంట్లో నర్సు పేరు ఉండదు. బ్రిటన్‌లో 1979 నుంచి చట్టం ఉంది. ఇప్పుడు లక్షా 20 వేల పౌండ్లు ఒకేసారి ఇస్తారు, అయితే వైకల్యం కనీసం 60 శాతం ఉండాలి. మా మావయ్య 45 శాతంతో లండన్‌లో పుట్టినా ఏమీ వచ్చేది కాదు. కాబట్టి ఎక్కడో స్వర్గం ఉందని నేను అనడం లేదు.

మన దగ్గర నిధికి డబ్బెక్కడిదంటారు. 2022 జులై నాటికి దేశంలో 200 కోట్ల డోసులు వేశారు. డోసుకి రూపాయి పక్కన పెట్టినా 200 కోట్ల రూపాయలు. మావయ్య కట్టిన 250లో ఒక్క రూపాయి.

మా డాక్టరు బంధువులు అనేది వేరు. పరిహారం అని బోర్డు పెడితే టీకా ప్రమాదమని జనం భయపడతారట. భయం ఎలా పుడుతుందో గోదావరి ఎగువన చూశాం కదా. 2009లో భద్రాచలం ప్రాంతంలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు పెట్టారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. నేను నమ్ముతాను. కానీ ఆ విచారణలోనే, 2013 పార్లమెంటు కమిటీ నివేదికలోనూ, అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు రెండు వేలకు పైగా అంగీకార పత్రాల మీద సంతకాలు చేసేశారని బయటపడింది. జనానికి గుర్తుండిపోయింది ఆ సంతకాలు. ఆ టీకా పేరెత్తితే ఇప్పటికీ మా స్కూల్లో తల్లులు నన్నడిగే మొదటి ప్రశ్న, "ఏదైనా అయితే ఎవరు చూస్తారు టీచరమ్మా?" వాళ్లు గణాంకాలు అడగడం లేదు.

ఇక టీకాలంటే విషమనే వర్గం. మావయ్య కాలు వీడియో తీసి పంపమని అడిగినవాళ్లు, పంపనన్నందుకు మాట్లాడ్డం మానేసినవాళ్లు. వాళ్ల కోసం ఒక వివరం. మావయ్య కాకినాడలో ఉండగానే, మే నెలలో, అత్తయ్య పీహెచ్‌సీకి వెళ్లి టీకా వేయించుకుంది. "ఈయన్ని చూసుకోడానికి నేను బతికుండాలి కదా" అంది. మావయ్య రెండో డోసు డాక్టరు వద్దన్నాడు కాబట్టి మానేశాడు. ఇంట్లో మిగతా అందరం వేయించుకున్నాం. నెత్తిన తాటిపండు పడ్డవాడి ఇల్లు ఇది. తాటిచెట్లు కొట్టెయ్యమని మేం అనలేదు.

లోక్ అదాలత్ నాడు ఆ నర్సుని మొదటిసారి సరిగ్గా చూశాను. ఇరవై ఆరో ఏడో ఉంటాయి. లంక ఊరి పిల్ల. చంకలో ఏడాది పిల్లాడు. కేసులో పేరుందని వేరే ఆస్పత్రిలో ఉద్యోగం ఇవ్వలేదని వాళ్ల ప్లీడరు గుమస్తా చెప్పాడు. సంతకం పెట్టడానికి వచ్చి, పెన్ను అందుకుని, మావయ్య చేతి కేసి ఒక్కసారి చూసి తల దించుకుంది. అవార్డు కాపీ చేతికొచ్చేదాకా అవతలివాళ్లతో ఏమీ మాట్లాడొద్దని మా ప్లీడరు గారు ముందే చెప్పారు. వాళ్ల ప్లీడరూ అదే చెప్పి ఉంటాడు.

మావయ్యని తమ్ముడు కార్లో తీసుకెళ్లిపోయాడు. అత్తయ్యా నేనూ పుష్కర ఘాట్‌కి వెళ్లొచ్చి అమలాపురం బస్సు కోసం నిలబడ్డాం. ఆ పిల్ల కూడా అక్కడే ఉంది. అదే బస్సు. మా ముందు సీట్లో కూర్చుంది. జొన్నాడ వంతెన మీద గాలికి పిల్లాడు ఏడుపు అందుకుంటే, వాడు ఆవిడ భుజం మీంచి వెనక్కి తిరిగి అత్తయ్యని చూసి ఊరుకున్నాడు. అత్తయ్య వాడి వేలు పట్టుకుంది. తల్లి వెనక్కి తిరగలేదు, వేలు విడిపించనూ లేదు. వంతెన దాటాక ఏదో స్టాపులో దిగి, వాణ్ని భుజం మార్చుకుని, నడిచి వెళ్లిపోయింది.

బస్సు కదిలాక అత్తయ్య అడిగింది. "ఆ పిల్ల పేరు కాగితంలోంచి కొట్టేసేరా?"

నేను సంచిలోంచి కాపీ తీసి మొదటి పేజీ చూపించాను. మూడో వరస.